పెర్సీ సూబయ్య చెప్పిన టైము

పెర్సీ సూబయ్య గారికి ఒకటే జబ్బు. ఏ ఇద్దరికీ ఒకే టైము చెప్పరు.

పెళ్ళి కావచ్చు, ప్రార్థన కావచ్చు, ఆదివారం భోజనం కావచ్చు. కార్యం ఒకటే అయినా, ఆయన నోట్లోంచి బయటపడేసరికి దాని టైము మనిషికో రకంగా మారిపోయేది. మూడింటికి పెళ్ళయితే పక్క వీధి దొరసామికి పన్నెండున్నర అని చెప్పేవారు. పాస్టరుకు మూడింటికి పావు తక్కువ అనేవారు. పెళ్ళికూతురి మేనత్త మూడు చీరలు మారిస్తే గాని గడప దాటదు కనుక ఆవిడకు ఒంటిగంట. ఆయన నిఖార్సయిన బాప్టిస్టు. సండేస్కూల్లో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషి. అబద్ధమంటే ఆమడ దూరం. అయినా టైము దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు తెరిస్తే నిజం వచ్చేది కాదు. విడ్డూరమేమిటంటే, అందరూ సరిగ్గా మూడింటికే వచ్చి నిలబడేవారు.

డర్బన్‌ను ఆనుకుని ఉన్న చాట్స్‌వర్త్‌లో ఆయన ఇల్లు. తాతగారు ఉంజింటోలో చెరుకు నరకడానికి ఓడెక్కి దక్షిణాఫ్రికా వచ్చిన మనిషి. పెర్సీ గారు మాత్రం మొబేనిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఎంత ఆలస్యం చేస్తారన్నది ఆయనకు కంఠతా వచ్చు. అందులోనూ తరగతులుండేవి. దొరసామి పెళ్ళిళ్ళకు రెండున్నర గంటలు, సంతాప సభలకు గంట లేటు. బిర్యానీ ఉందని ముందే తెలిస్తే ఒక్క నిమిషం కూడా లేటు కాడు.

కొడుకు గేవిన్ పెళ్ళికి ఆయన శుభలేఖల్లో టైము దగ్గర ఖాళీ వదిలి అచ్చు వేయించారు. తర్వాత డెబ్భై నాలుగు కార్డుల మీదా తన చేత్తో పంతొమ్మిది రకాల టైములు రాశారు. ఖర్మగాలి దొరసామి కార్డూ అతని బావమరిది కార్డూ ఎదురుపడ్డాయి. ఒకదాని మీద పన్నెండున్నర, రెండో దాని మీద రెండున్నర. దొరసామి కార్డు పట్టుకొని గొడవకు వచ్చాడు.

పెర్సీ గారు తొణకలేదు. "నువ్వు పెద్దోడివి మ్యాన్. పెద్దోళ్ళకి ముందు. అది మర్యాద."

"మరి నా బావమరిది?"

"అది చిన్నోడు. చిన్నోళ్ళు తర్వాత."

దొరసామి ఛాతీ పొంగింది. ఆ మర్యాద నిలబెట్టుకోవడానికి పెళ్ళిరోజు పొద్దున్నే లేచి స్నానం చేశాడు. మూడింటికి వచ్చాడు.

అతనితోపాటు డెబ్భై నాలుగు కుటుంబాలూ మూడింటికే వచ్చాయి. చర్చి వీధి కిక్కిరిసిపోయింది. అవి తొంభైకి ముందు రోజులు. నల్లవాళ్ళూ ఇండియన్లూ ఒకచోట అంతమంది చేరితే ప్రభుత్వానికి అనుమానం. పోలీసు వ్యాను వచ్చి ఆగింది. పెర్సీ గారు ఎదురెళ్ళి, పోలీసులకు రెండు పళ్ళేల్లో భోజనం ఇప్పించి, "మీరు నాలుగింటికి వస్తారనుకున్నాను" అన్నారట.

ఆయన లెక్క మొదటిసారి తప్పిన రోజు ఒకటుంది. తొంభై నాలుగు ఏప్రిల్‌లో అందరికీ మొదటిసారి ఓటు వచ్చింది. పెర్సీ గారు చర్చిలోని ముసలీముతకా అందరికీ ఎవరి టైము వారికి చెప్పి, ఎనిమిదింటికల్లా బడి దగ్గర పోగుచేశారు. వాళ్ళు బ్యాలట్ పెట్టె ముఖం చూసేసరికి మధ్యాహ్నం రెండయింది. కాళ్ళు లాగి తిట్టిన ముసలమ్మలకు ఆయన చెప్పిన సమాధానం వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "నా లెక్క రైట్. కంట్రీ లేట్ వచ్చేది. పాపం, దానికి ముందు టైము చెప్పేవాళ్ళు లేకపోయేది."

ఈ కథలన్నీ గిరిధరరావు తర్వాత విన్నవి. అతను భార్య భానుమతితో, కూతురు స్నిగ్ధతో డర్బన్‌లో దిగింది తొంభై అయిదులో. రెండేళ్ళ కాంట్రాక్టు మీద ఒక ప్లాంటు విస్తరణ పనికి ఇంజినీరుగా వచ్చాడు. పెర్సీ గారి పెరట్లోని రెండు గదుల్లో అద్దెకు దిగాడు. తెలుగువాడు అద్దెకు వచ్చాడని తెలిసి పెర్సీ గారు పొంగిపోయారు. నాయనమ్మ పోయాక, భార్య తప్ప, ఆయన తెలుగుకు తెలుగులో జవాబు చెప్పేవాళ్ళే లేకపోయారు. ఆ తెలుగులో క్రియలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి గాని, ప్రేమ అరగలేదు.

మొదటి ఆదివారమే భోజనానికి పిలిచి, "ఒక గంటకి రండి" అన్నారు.

గిరిధరరావు సామర్లకోట స్టేషన్‌మాస్టరు కొడుకు. ఒంటిగంట అంటే అతనికి ఒంటిగంటే. పన్నెండూ యాభై తొమ్మిదికి భార్యాబిడ్డలతో గుమ్మంలో నిలబడి తలుపు కొట్టాడు. తలుపు తీసింది పెర్సీ గారి భార్య పెర్ల్. తలకు తువ్వాలు చుట్టుకొని, ఒక చేతిలో చేప, ఇంకో చేతిలో కత్తి. పొయ్యి మీద ఇంకా ఏమీ లేదు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళంటే యాభై నిమిషాలకు తక్కువ ఆలస్యం ఉండదని అంచనా వేసి, పెర్సీ గారు రెండింటికి వంట పెట్టమన్నారు.

"నేను తప్పు చేసేది," అన్నారు పెర్సీ గారు, గిరిధరరావును పైనుంచి కిందికి చూసి. "ముప్పై ఒక ఏడాదిలో ఇట్లాంటి మనిషి రాలేదు. తంబీ, ఇకనించి నీకు నిజం టైము. ఈ వీధిలో నీకు ఒక్కడికే."

వంట అయ్యేదాకా కూర్చున్న ఆ గంటలో గిరిధరరావు రెండు విషయాలు గమనించాడు. ఒకటి, పెర్సీ గారి బూట్లు. ఇంట్లో ఉన్నా అద్దంలా మెరుస్తున్నాయి. రెండు, హాల్లోని గోడ గడియారం పాతిక నిమిషాలు ముందుంది. స్టేషన్‌మాస్టరు కొడుకు కదా, ఊరుకోలేక ముల్లు సరిచేయడానికి లేచాడు.

"ఐకోనా," అంటూ పెర్సీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. మొబేని ఫ్యాక్టరీ భాషలో అది వద్దే వద్దని చెప్పే మాట. "అది పెర్ల్ క్లాకు. ముట్టేది లేదు."

తనకొక్కడికే నిజం టైమన్న మాట గిరిధరరావు తలకెక్కింది. దొరసామికి ఒకటి, పాస్టరుకు ఒకటి చెబుతుంటే విని నవ్వుకునేవాడు. "మనదంతా రైల్వే టైము," అని భార్య దగ్గర డబ్బాలు కొట్టేవాడు. భానుమతి ఏమీ అనేది కాదు. రైల్వే టైము సంగతి ఆవిడ సామర్లకోటలోనే చూసింది.

రెండేళ్ళు ఇట్టే గడిచాయి. ప్లాంటు పని పూర్తయింది. కాంట్రాక్టు ఆగస్టు నెలాఖరుకు అయిపోతుంది, దానితోపాటు పర్మిట్టూ అయిపోతుంది. ఈలోగా ఇంకో కంపెనీ ఉద్యోగమిస్తే ఉండొచ్చు, లేదా పెట్టె సర్దుకోవాలి. స్నిగ్ధ బళ్ళో జూలూ పాట నేర్చుకొని ఇల్లంతా తిరుగుతూ పాడుతోంది. భానుమతి పెర్ల్‌తో కలిసి చర్చి ఆడవాళ్ళకు పచ్చళ్ళు నేర్పుతోంది. వెనక్కి వెళ్తే చెయ్యడానికి చేతిలో పని లేదు. గిరిధరరావు అర్జీలు పెట్టాడు. రెండు ఇంటర్వ్యూలకు పిలిచారు. రెండూ పోయాయి.

"ఏం జరిగిందండీ?" అని అడిగింది భానుమతి, పెరట్లో బట్టలారేస్తూ.

"ఏముంది. పదింటికి రమ్మన్నారు. తొమ్మిదీ యాభై తొమ్మిది దాకా కార్లో కూర్చున్నాను. పదింటికి లోపలికెళ్ళాను. వాళ్ళు అడిగారు, నేను చెప్పాను."

"ఏం చెప్పారు?"

గిరిధరరావు బుట్టలోంచి ఒక చొక్కా తీసి అందించాడు. చెప్పింది అతనికే గుర్తు లేదు. నాలుక పిడచగట్టుకుపోవడం, ఇరవై రెండేళ్ళ అనుభవం రెండు నిమిషాల్లో గడగడా అప్పజెప్పేయడం, తర్వాత నిశ్శబ్దం, అంతే గుర్తుంది. "నా ఇంగ్లీషు వాళ్ళకు నచ్చలేదేమో," అన్నాడు చివరికి.

పక్కనే వంకాయ మొక్కలకు నీళ్ళు పోస్తున్న పెర్సీ గారు తలెత్తకుండానే అడిగారు. "తంబీ, లోపలికి పోయి ఎంతసేపు కూసొనేది, వాళ్ళు పిలిచే ముందు?"

"కూర్చోవడమెందుకండీ? టైముకు వెళ్ళాను, టైముకు పిలిచారు."

"ఊఁ," అన్నారు పెర్సీ గారు. ఆ మొక్కకే ఇంకో చెంబు నీళ్ళు పోశారు.

మూడో పిలుపు వచ్చింది. ఈసారి చాలా పెద్ద కంపెనీ. రేవు దగ్గర కట్టబోయే గోదాములకూ రోడ్లకూ సీనియర్ ప్రాజెక్ట్ మేనేజరు కావాలి. గిరిధరరావు గదుల్లో ఫోను లేదు కనుక అర్జీలో పెర్సీ గారింటి నంబరు ఇచ్చాడు. సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెర్సీ గారు వాకిట్లోనే ఉన్నారు.

"కంపెనీ ఫోన్ చేసేది. బేస్తవారం నీ ఇంటర్వ్యూ. తొమ్మిది గంట."

"కచ్చితంగా తొమ్మిదేనా?"

"తంబీ, నీకు నేను ఎప్పుడు అబద్ధం చెప్పేది?"

అది ప్రశ్నే గాని జవాబు కాదని గిరిధరరావుకు అప్పుడు తట్టలేదు.

గురువారం పొద్దున సూటు వేసుకున్నాడు. బూట్లు వేసుకోబోతే అవి అప్పటికే మెరుస్తున్నాయి, ఎవరు తుడిచారో అడిగే తీరిక లేదు. ఎనిమిదీ యాభై తొమ్మిది దాకా కార్లో కూర్చొని, తొమ్మిదింటికి ఆ అద్దాల భవనంలోకి నడిచాడు. అప్పటికే నాలుక పిడచగట్టింది. ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి నోట్‌బుక్కు చూసి నవ్వింది.

"మిస్టర్ రావు? మీ ఇంటర్వ్యూ పదకొండింటికి."

గిరిధరరావుకు ఒక్క క్షణం వినబడలేదు, వినబడ్డాక ఒళ్ళు మండిపోయింది. పొరపాటని అనుకోవడానికి కూడా వీల్లేదు. పెర్సీ సూబయ్య టైములో పొరపాటు చేయరని చాట్స్‌వర్త్ మొత్తానికీ తెలుసు. అంటే రెండేళ్ళుగా 'నీకొక్కడికే నిజం' అన్న మనిషి తనను తీసుకెళ్ళి దొరసామి వరసలో నిలబెట్టారు. దొరసామికి రెండున్నర గంటలు, తనకు రెండు. తేడా అరగంటే.

"సరే, నేను కార్లో కూర్చుంటాను," అన్నాడు బిగుసుకుపోయి.

"అదొక్కటి మాత్రం కుదరదు సార్," అంది ఆ అమ్మాయి. "కార్లో కూర్చోనివ్వొద్దన్నారు అంకుల్ పెర్సీ. నేను లీ-ఆన్‌ని. ఆయన నాకు సండేస్కూల్లో టీచరు. మీరు తొమ్మిదింటికి వస్తారని, రాగానే టీ ఇప్పించమని సోమవారమే చెప్పారు. మీ టీ రెడీగా ఉంది."

టీ ఇచ్చే గది వెనకవైపు ఉంది. అక్కడ నీలం గౌనులో, తలకు గుడ్డ కట్టుకొని ఒక పెద్ద జూలూ ఆవిడ కూర్చొని ఉంది. అందరూ ఆవిడను గౌరవంగా మాడ్లామిని అంటారు. కప్పు అతని ముందు పెట్టి, చక్కెర నాలుగు చెంచాలు వేసి, తనూ ఎదురుగా కూర్చుంది.

"పెర్సీ నీకు ఎన్నింటికి చెప్పాడు?" అని అడిగింది.

"తొమ్మిది."

"అసలు ఎన్నింటికి?"

"పదకొండు."

"హావు," అంటూ ఆవిడ పొట్ట పట్టుకొని నవ్వింది. "రెండు గంటలా. నాకెప్పుడూ గంటకు మించి ఇవ్వలేదు."

ఆవిడా మొబేనిలో అదే ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేసింది. ఏడింటికి గేటు మూసేవారు. నిమిషం దాటితే సగం రోజు జీతం పోయేది, మూడుసార్లు దాటితే పేరు కొట్టేసేవారు. ఉమ్లాజీ నుంచి వచ్చే రైలుకేమో వేళాపాళా లేదు. గేటు మూసే పని పెర్సీదే.

"చేరిన రోజున నా చేత మాట్లాడించాడు. ఇల్లెక్కడ, స్టేషన్‌కు నడక ఎంత, ఇంట్లో ఎవరికి పెట్టి రావాలి అని అడిగాడు. అప్పుడు నాకు ఆరుంబావు అని చెప్పాడు. నా పక్కామెకు ఆరూ నలభై. నా కూతురు పుట్టిన ఏడాది గేటు దగ్గర ఆపి, రేపట్నుంచి నీ టైము ఆరు అన్నాడు. పాలిచ్చే తల్లిని ఇంకా ముందు రమ్మంటాడా అని నెల్లాళ్ళు అతని మొహం చూడలేదు. ఆ నెల్లాళ్ళలో ఒక్కరోజు కూడా గేటు నా మొహాన పడలేదు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది." ఆవిడ చక్కెర గిన్నెకు మూత పెట్టింది. "పిల్ల బడికి పోవడం మొదలెట్టాక మళ్ళీ పిలిచి ఆరున్నర చేశాడు. అది కూడా గుర్తుంది అతనికి."

గిరిధరరావు కప్పు బల్ల మీద పెట్టాడు. గేటు మూయవలసిన మనిషి, మూయవలసిన అవసరం రాకుండా మూడు దశాబ్దాలు లెక్కలు కట్టారు. ఈ రెండేళ్ళూ తను నవ్వుకున్నది ఈ లెక్కలను చూసే. అతనికి సిగ్గేసింది.

సిగ్గుతోపాటు తండ్రి గుర్తొచ్చారు. "మా నాన్న స్టేషన్‌మాస్టరు," అన్నాడు అప్రయత్నంగా. "మహా కచ్చితం. అయితే కూరగాయల బుట్టలవాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తుంటే మాత్రం ఆయనకు పచ్చజెండా ఎక్కడ పెట్టారో కనిపించేది కాదు. చేతిలోనే ఉండేది."

మాడ్లామిని మళ్ళీ పొట్ట పట్టుకుంది. ఆ తర్వాత గిరిధరరావు ఆగలేదు. సామర్లకోట గురించి, గోదావరి మీద తను పనిచేసిన వంతెన గురించి, మునిగిపోయిన క్రేను గురించి చెప్పాడు. రెండో టీ వచ్చింది. దారిన పోయే ఇద్దరు డ్రాయింగు ఆఫీసు మనుషులు కూడా తలుపు దగ్గర ఆగి క్రేను కథ విన్నారు. లీ-ఆన్ వచ్చి పిలిచేటప్పటికి అతను నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, క్రేను ఎలా ఒరిగిందో చూపిస్తున్నాడు.

"పదకొండయింది సార్."

"అప్పుడేనా?" అన్నాడు గిరిధరరావు. స్టేషన్‌మాస్టరు కొడుకు నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో ఛైర్మను. అనుభవం అడిగారు, చెప్పాడు. నిదానంగా, ఎదురుగా టీ కప్పు ఉన్నట్టే చెప్పాడు. చివరికి ఛైర్మను అసలు ప్రశ్న వేశాడు.

"మాకు పదకొండుమంది సబ్‌కాంట్రాక్టర్లున్నారు. ఒక్కడూ చెప్పిన టైముకు పని ముగించడు. మీరొస్తే ఏం చేస్తారు?"

ఇదే ప్రశ్న పోయిన రెండుచోట్లా అడిగారు. జరిమానాలు, నోటీసులు, వారం వారం రిపోర్టులు అని అప్పజెప్పాడు. ఈసారి ఆ పాఠం నోటికి రాలేదు.

"ముందు ఎవరి ఆలస్యం ఎంతో కనుక్కుంటాను," అన్నాడు. "ఎందుకో కూడా కనుక్కుంటాను. తర్వాత ఎవరి టైము వాళ్ళకు చెబుతాను." గేవిన్ పెళ్ళి కథ చెప్పాడు. దొరసామి కార్డు, పంతొమ్మిది టైములు, పోలీసు వ్యాను. ముగ్గురూ నవ్వారు. తర్వాత మొబేని గేటు కథ చెప్పాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"షెడ్యూలు కాగితం మీద అందరికీ ఒకటే," అన్నాడు గిరిధరరావు. "మనుషులు ఒకచోటి నుంచి బయల్దేరరు సార్. ఒకడి లారీ పాతది, ఇంకొకడికి సిమెంటు అప్పు పుట్టదు, మరొకడు పని కాలేదని చెప్పడానికి మొహమాటపడతాడు. అది తెలుసుకోకుండా జరిమానా వేస్తే గేటు మూసినట్టు. గేటు మూస్తే పని లోపలికి రాదు."

"ఇదంతా ఏ కాలేజీలో నేర్చుకున్నారు?" అని అడిగింది పక్కనున్నావిడ.

"చాట్స్‌వర్త్‌లో. మా ఇంటి ఓనరు దగ్గర. ఆ ఫ్యాక్టరీలో ఏడాదికోసారి మిషన్లన్నీ ఆపి చేసే రిపేర్లకు ఎవరు ముందు, ఎవరు తర్వాత అని ముప్పై ఏళ్ళు వరస కట్టింది ఆయనేనట. కాగితాల మీద పేరు వేరేవాళ్ళది."

"ఆయన అర్జీ పెట్టలేదేం ఈ ఉద్యోగానికి?" అని నవ్వాడు ఛైర్మను.

"ఆయన వయసులో ఉన్నప్పుడు ఈ కుర్చీలో ఆయన రంగువాళ్ళను కూర్చోనివ్వలేదు సార్. ఇప్పుడు రిటైరయ్యారు."

ఛైర్మను నవ్వు ఆపి, ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నందుకు గిరిధరరావుకు మొదటిసారి బరువుగా అనిపించింది.

బయటికి వస్తుంటే లీ-ఆన్ గొంతు తగ్గించి, "ఇవాళ ఛైర్మన్ గారు టైముకు వచ్చారు చూశారా? ఎప్పుడూ ముప్పావుగంట లేటు. నేను ఆయనకు పదింబావు అని చెప్పాను," అంది. సండేస్కూలు చదువు వృథా పోలేదు.

ఇంటికి వచ్చేసరికి పెర్సీ గారు వంకాయ మొక్కల దగ్గరే ఉన్నారు. గిరిధరరావు టై విప్పుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"మీరు నాకు అబద్ధం చెప్పారు."

"చెప్పేది," అని ఒప్పుకున్నారు పెర్సీ గారు.

"నేను ఎప్పుడైనా లేటుగా వచ్చానా అన్నయ్యా? ఒక్క నిమిషం?"

"నువ్వు రాలేదు. నీ నోరు లేటు వస్తాది." పెర్సీ గారు చెంబు కింద పెట్టారు. "మొదటి క్రిస్మస్‌కి చర్చిలో రెండు మాట చెప్పమంటే నువ్వు చెమట పట్టేది, మాట లేదు. నలభై నిమిషం అయినాక ఆంటీలకి జోకు చెప్పేది, ఆపమంటే ఆపేది లేదు. గేవిన్ మామ ఇంట్లో కూడా నలభై. నేను చూసేది. మనిషి టైముకి వస్తాది, నోరు నలభై నిమిషం తర్వాత వస్తాది. దొరలు ఉంటే డబల్. ఎనభై. సూటు వేస్తే ఇంకో ముప్పై."

"అది నూట పదే కదా," అన్నాడు గిరిధరరావు, లెక్కల మనిషి కనుక.

"బాత్రూమ్ పది."

గిరిధరరావుకు నవ్వాగలేదు. గుమ్మంలో నిలబడి విన్న భానుమతికి అంతకన్నా ఆగలేదు. పదిహేనేళ్ళ కాపురంలో తను కట్టలేకపోయిన లెక్క అది. "నాకు చెప్తే పోయేది కదా అన్నయ్యా," అన్నాడు గిరిధరరావు చివరికి.

"చెప్తే నువ్వు ఆ రెండు గంట కూడా భయపడేది. కోపం వస్తే భయం పోయేది," అన్నారు పెర్సీ గారు, మళ్ళీ చెంబు తీసుకుంటూ.

మంగళవారం ఫోను మోగింది. పెర్సీ గారు పెరట్లోకి వచ్చి, "ఉద్యోగం వచ్చేది. సెప్టెంబరు ఒకటి, ఏడున్నర గంటకి," అన్నారు. అసలు టైము ఎనిమిదని గిరిధరరావు అడగకుండానే గ్రహించాడు. భానుమతి ఆరేస్తున్న చీరను అలాగే వదిలేసి, పెర్ల్‌ను కావలించుకొని ఏడ్చింది. స్నిగ్ధ జూలూ పాట ఎత్తుకుంది.

ఆ ఆదివారం ఒంటిగంటకు పెరట్లో భోజనం. పిలుపులన్నీ తనే చేస్తానన్నాడు గిరిధరరావు, ఒక్కసారైనా పెర్సీ గారు అతిథిగా రావాలని. దొరసామికి పదిన్నర చెప్పాడు, బిర్యానీ సంగతి దాచాడు. పాస్టరుకు పావుతక్కువ ఒంటిగంట. లీ-ఆన్‌కూ మాడ్లామినికీ ఎవరి టైము వారికి చెప్పాడు. చివరికి వెళ్ళి పెర్ల్‌ను గుట్టుగా అడిగాడు.

"అక్కా, పెర్సీ గారికి ఎన్నింటికి చెప్పను?"

"ఒక గంట చెప్పు. నిజం చెప్పు," అంది పెర్ల్. అటూ ఇటూ చూసి అతన్ని హాల్లోకి లాగి గోడ గడియారం చూపించింది. "పెర్సీ పాతిక నిమిషం లేటు మనిషి. పెళ్ళి అయినప్పటినించి. అందుకే ఈ క్లాకు నేను ముందు పెట్టేది. ముప్పై నాలుగు ఏడాది. దానికి తెలియదు, తంబీ. చెప్పొద్దు. పాపం, సిగ్గుపడేది."

ఒంటిగంటయింది. పెరటి గేటు దగ్గర దొరసామి, అతని వెనక పాస్టరు, ఆ వెనక లీ-ఆన్ చెయ్యి పట్టుకొని మాడ్లామిని, ఇంకా పాతికమంది ఒక్కసారిగా వచ్చి నిలబడ్డారు. పెర్సీ గారు ఇంట్లోంచి మెరిసే బూట్లతో దిగి వచ్చి, ఆ గుంపును చూసి ఆగిపోయారు. ముఖం విప్పారింది.

"దొరసామికి ఏమి చెప్పేది?"

"పదిన్నర."

"బిర్యానీ చెప్పలేదు?"

"చెప్పలేదు."

"రైట్," అన్నారు పెర్సీ గారు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ గిరిధరరావుకు ఏ యూనివర్సిటీ ఇవ్వలేదు.

మాడ్లామిని ఆయన్ను చూసి, పెర్సీ, నాకు ఇవాళ పన్నెండు చెప్పాడు ఈ అబ్బాయి, నేనంత ముసలిదాన్నయ్యానా అని పోట్లాటకు దిగింది. అందరూ పళ్ళేలు పట్టుకున్నాక, ఆయన వచ్చి గిరిధరరావు పక్కన కూర్చున్నారు. గొంతు తగ్గించారు.

"పెర్ల్ నీకు క్లాకు సంగతి చెప్పేది?"

గిరిధరరావు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"నాకు మొదటి వారమే తెలిసేది," అన్నారు పెర్సీ గారు. "టైమ్‌కీపర్ కదా, తంబీ."

"మరి మీకు లేటు అలవాటని అక్క..."

"పెళ్ళైన కొత్తలో రెండుసార్లు లేటు అయ్యేది. అంతే. కాని పెర్ల్ నా కోసం క్లాకు తిప్పేది, ఎంత సంతోషం దానికి. నేను టైముకి రెడీ అయితే ఆ క్లాకు ఎందుకు? అందుకని రోజూ రెడీ అయి, పాతిక నిమిషం కూసొని బూట్లు తుడిచేది." ఆయన కాళ్ళు ముందుకు చాచి ఒకసారి చూసుకున్నారు. "పెర్ల్‌కి చెప్పొద్దు."

ఇంట్లోంచి పెర్ల్ కేక వినబడింది. "పెర్సీ, పాయసం గిన్నె తీసుకుపోయేది, షేషా, తొందరగా. నువ్వు ఎప్పుడూ లేటు."

"వచ్చేది, వచ్చేది," అన్నారు పెర్సీ గారు. లేవకుండా, జేబులోంచి రుమాలు తీసి, ఎడమ బూటు తుడుచుకోవడం మొదలుపెట్టారు.